పచ్చి చేప, పుల్లని అన్నం: హవాయి వారి 'పోకే' వెనుక ఉన్న విజ్ఞానం

తెలుగువారి వంటింట నిప్పును చూడని చేప విస్తరిలోకి రాదు. పులుసైనా, ఇగురైనా, వేపుడైనా చేప ఉడకవలసిందే. అటువంటి కుటుంబాలలో పుట్టి విదేశాలలో పెరుగుతున్న మన పిల్లలు ఈనాడు పచ్చి చేప ముక్కలను అన్నం మీద పరచుకొని ఇష్టంగా తింటున్నారు. హవాయి దీవులలో పుట్టి, 2010 తరువాతి సంవత్సరాలలో అమెరికా ప్రధాన భూభాగమంతటా వ్యాపించిన 'పోకే' అనే వంటకం ఇందుకొక ముఖ్య కారణం. పిల్లలు దానిని బయట తిన్నంతకాలం పెద్దలు చూసీ చూడనట్లు ఊరుకుంటారు. "అమ్మా, ఇంట్లోనే చేసుకుందాం" అన్నప్పుడు చిక్కు మొదలవుతుంది. పచ్చిది తింటే కడుపులో పురుగులు పడతాయని అమ్మమ్మ భయం. తాజా చేపకు భయమేమిటని మనుమడి ధీమా. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఇద్దరూ వదిలివేసిన మిగతా సగాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పేరు, పుట్టుక

హవాయి భాషలో 'పోకే' అంటే అడ్డంగా ముక్కలుగా కోయడం అని అర్థం. పూర్వం ఆ దీవుల జాలరులు పగడపు దిబ్బల చెంత పట్టిన చేపలను ముక్కలు చేసి, సముద్రపు ఉప్పు, 'లిము' అనే సముద్రపు నాచు, 'ఇనమోన' అనే పొడి కలిపి తినేవారు. కుకుయి అనే చెట్టు గింజలను కాల్చి, దంచి, ఉప్పు చేర్చితే ఇనమోన అవుతుంది. ఆ గింజలను పచ్చిగా తింటే విరేచనాలవుతాయి. కాల్చడమన్నది రుచి కోసమే కాక ఆరోగ్యం కోసం కూడానన్న సంగతి ఆ ప్రజలకు అనుభవం మీద తెలుసు.

ఆనాటి పోకేలో అన్నం లేదు. హవాయి వారి ప్రధానాహారం మనం పులుసులో వేసుకునే చేమదుంప. దానిని ఉడికించి, మెత్తగా దంచి, నీరు చేర్చి చేసిన 'పోయి' అనే ముద్దను వారు తినేవారు. చెరకు తోటలలో పనిచేయడానికి చైనా, జపాను దేశాల నుండి వచ్చిన కూలీలతో పాటు వరి అన్నం ఆ దీవులలో స్థిరపడింది. రెండు ప్రభుత్వాల ఒప్పందం ప్రకారం జపాను కూలీల తొలి బృందం 1885లో హవాయి చేరింది. సోయా సాస్, నువ్వుల నూనె వంటివి పోకేలో చేరడం ఆసియా ఖండపు వలసల ఫలితమే. వలస వచ్చినవారి వంట స్థానికుల వంటతో కలిసి మూడవ రుచిని సృష్టించడం మనవంటి ప్రవాసులకు కొత్త విషయం కాదు.

నేటి పోకేకు ఎక్కువగా వాడేది 'అహి'. హవాయిలో పసుపురెక్కల ట్యూనా, పెద్దకన్ను ట్యూనా అనే రెండు జాతులను ఈ పేరుతోనే పిలుస్తారు. వీటిలో పసుపురెక్కల ట్యూనా మన విశాఖపట్నం చేపల రేవులో కూడా దిగుతుంది.

తాజాదనం వేరు, నిరపాయం వేరు

చేపను ఎంచడంలో మన పెద్దలకు చక్కని పరీక్షలున్నాయి. మొప్పలు ఎర్రగా ఉండాలి. కళ్ళు ఉబ్బి మెరవాలి. వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేవాలి. నీచు వాసన ముక్కు పుటాలను అదరగొట్టకూడదు. ఇవన్నీ శాస్త్రసమ్మతమైన పరీక్షలే. చేప చనిపోయిన తరువాత దానిలోని ఎంజైములు, దాని మీద పెరిగే బాక్టీరియా కండరాన్ని ఎంతవరకు విచ్ఛిన్నం చేశాయో వీటివల్ల తెలుస్తుంది. అయితే చేపలో పరాన్నజీవి ఉన్నదీ లేనిదీ ఇవి చెప్పలేవు. వైరస్ సంగతి అసలే చెప్పలేవు. పైగా ఈ పరీక్షలు చేప పొయ్యి మీదికి వెళుతుందన్న నమ్మకంతో ఏర్పడినవి. మిగిలిన అపాయాన్ని చాలావరకు నిప్పు చూసుకునేది.

పచ్చిగా తినదలచినప్పుడు ఆ నిప్పు లేదు. అంతేకాక అంగడిలో మనకు దొరికేది కళ్ళూ మొప్పలూ లేని, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఎర్రటి ముక్క. హొనొలులు నగరంలో 1952 నుండి నడుస్తున్న చేపల వేలంలో ప్రతి పెద్ద చేపనూ విడిగా మంచు మీద పరుస్తారు. తోక దగ్గర కోత పెట్టి కండ రంగును, కొవ్వును చూసి మరీ కొనుగోలుదారులు వెల కడతారు. ఆ అవకాశం మనకు లేదు.

దానికి బదులు మనకు కనిపించేది 'సుషీ గ్రేడ్' లేదా 'సాషిమి గ్రేడ్' అనే చీటీ. అమెరికాలో ఈ మాటలకు చట్టపరమైన నిర్వచనం ఏదీ లేదు. ఇది పచ్చిగా తినదగినదని అమ్మేవాడు చెప్పే మాట మాత్రమే. మంచి వ్యాపారి చెప్పినప్పుడు దానికి విలువ ఉంటుంది. కాని ఆ మాట వెనుక ఏ పని జరిగిందో తెలుసుకోవడం కొనేవారి బాధ్యత.

అమ్మమ్మ చెప్పిన పురుగు

అమ్మమ్మ భయపడే పురుగు నిజంగానే ఉంది. దాని పేరు అనిసాకిస్. దాని జీవితచక్రం విచిత్రమైనది. తిమింగలాలు, సీళ్ళ వంటి సముద్రపు క్షీరదాల కడుపులో ఇది పెరిగి గుడ్లు పెడుతుంది. సముద్రంలోకి చేరిన గుడ్ల నుండి వెలువడిన పిల్లలను రొయ్య జాతి సూక్ష్మ ప్రాణులు మింగుతాయి. వాటిని చేపలు మింగుతాయి. ఆ చేపను తిమింగలం తింటే చక్రం పూర్తవుతుంది. ఆ చేపనే మనిషి పచ్చిగా తింటే, సుమారు 2 సెంటీమీటర్ల పొడవుండే పురుగు పిల్ల దారితప్పి మన జీర్ణకోశపు గోడలోకి తల దూర్చుతుంది. కొన్ని గంటలలోనే తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు కలుగుతాయి. వైద్యులు ఎండోస్కోప్ ద్వారా దానిని బయటకు తీయవలసి వస్తుంది.

ఈ పురుగుకు, మనుషుల కడుపునొప్పికి గల సంబంధాన్ని 1960లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రకటించారు. ఆ దేశస్థులు హెర్రింగ్ చేపను పచ్చిగా, కొద్దిపాటి ఉప్పుతో తింటారు. 1968లో అక్కడి ప్రభుత్వం అటువంటి చేపను ముందుగా గడ్డకట్టించి తీరాలని నిబంధన విధించింది. దానితో ఆ వ్యాధి అక్కడ దాదాపు కనుమరుగైంది. వంటకం మానలేదు, రోగం పోయింది. పచ్చి చేప విషయంలో శాస్త్రం మనకు నేర్పే మొదటి పాఠం ఇదే. నిప్పు చేసే పనిలో ఒక భాగాన్ని చలి చేయగలదు.

ఎంత చలి, ఎంతసేపు అన్నదే ప్రశ్న. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నమూనా నియమావళి మూడు మార్గాలు చెబుతుంది. చేపను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 7 రోజులు ఉంచడం మొదటిది. మైనస్ 35 డిగ్రీల వద్ద పూర్తిగా గడ్డకట్టించి, అదే చలిలో 15 గంటలు ఉంచడం రెండవది. మైనస్ 35 డిగ్రీల వద్ద గడ్డకట్టించి, మైనస్ 20 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచడం మూడవది. మన ఇంటి ఫ్రీజర్ సాధారణంగా మైనస్ 18 డిగ్రీల వద్ద పనిచేస్తుంది. మాటిమాటికీ తలుపు తీయడం వల్ల ఆ చలి కూడా నిలకడగా ఉండదు. పైగా నెమ్మదిగా గడ్డకట్టే చేపలో పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కండను చీలుస్తాయి. కరిగించినప్పుడు నీరు కారి ముక్క మెత్తబడుతుంది. కనుక ఇంట్లో గడ్డకట్టించే ప్రయత్నం కంటే, పరిశ్రమ పద్ధతిలో గడ్డకట్టించిన చేపను కొనడం మేలు.

ట్యూనా జాతులలో కొన్నింటికి, గుళికల మేత మీద పెంచిన చేపలకు ఈ నియమావళి మినహాయింపు ఇచ్చింది. వీటిలో ఈ పురుగు ప్రమాదం చాలా తక్కువ. పోకేకు ట్యూనా ప్రశస్తమైనది కావడానికి రుచితో పాటు ఇదీ ఒక కారణమే. సముద్రంలో, నదులలో స్వేచ్ఛగా తిరిగిన సాల్మన్ సంగతి వేరు. దానిలో అనిసాకిస్, బద్దెపురుగుల పిల్లలు తరచు ఉంటాయి. గడ్డకట్టించని అటువంటి సాల్మన్‌ను పచ్చిగా ముట్టరాదు.

ఇక్కడ మన ఇళ్ళలోని ఒక నమ్మకాన్ని పరిశీలించాలి. ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి కడిగితే చేప శుద్ధి అవుతుందని మనం భావిస్తాం. చేప కుళ్ళనారంభించినప్పుడు పుట్టే ట్రైమిథైలమైన్ అనే పదార్థమే నీచు వాసనకు కారణం. అది క్షారగుణం కలది. నిమ్మరసంలోని ఆమ్లం దానిని గాలిలోకి ఎగరని లవణంగా మారుస్తుంది. కాబట్టి వాసన నిజంగానే పోతుంది. కాని పురుగు చావదు. జఠరరసపు ఆమ్లంలోనే బ్రతకగల ప్రాణికి నిమ్మరసం ఒక లెక్క కాదు. పోకేలో వేసే సోయా సాస్, ఉప్పు కూడా కొద్ది నిమిషాలలో దానిని ఏమీ చేయలేవు.

చలి చేయలేని పనులు

ఇక మనుమడి ధీమా సంగతి. గడ్డకట్టిన చేప గనుక అపాయం లేదనుకోవడం కూడా పొరపాటే. చలి పరాన్నజీవులను చంపుతుంది. బాక్టీరియాను చాలావరకు నిద్రపుచ్చుతుంది. చేప కరగగానే అవి మేలుకొంటాయి. 2015లో అమెరికాలోని అనేక రాష్ట్రాలలో ప్రబలిన సాల్మొనెల్లా వ్యాధికి మూలం గడ్డకట్టించి దిగుమతి చేసిన పచ్చి ట్యూనాయేనని తేలింది. వైరస్‌లకు చలి ఇంకా హితమైనది. 2016లో హవాయిలోనే 292 మందికి హెపటైటిస్ ఎ కామెర్లు సోకాయి. గడ్డకట్టించి దిగుమతి చేసుకొని, పచ్చిగా వడ్డించిన స్కాలప్ అనే ఆల్చిప్ప జాతి మాంసం ద్వారా ఆ వైరస్ వ్యాపించింది. ఈ వ్యాధికి టీకా ఉన్నదని గుర్తుంచుకోవాలి.

ట్యూనాకు ప్రత్యేకమైన అపాయం మరొకటి ఉంది. దాని కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం సమృద్ధిగా ఉంటుంది. చేప చల్లగా లేని సమయంలో కొన్ని బాక్టీరియా ఈ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి. మన శరీరంలో దద్దుర్లు, దురదలు పుట్టించే పదార్థం ఇదే. అటువంటి చేప తిన్న కొద్ది నిమిషాలలో లేదా గంట రెండు గంటలలో ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఒక్కసారి ఏర్పడిన హిస్టమిన్‌ను గడ్డకట్టించినా, వండినా పోగొట్టలేము. పడవ మీద ఎండలో రెండు గంటలు ఉన్న చేపను మీ ఇంటి ఫ్రిజ్ బాగు చేయలేదు. తింటున్నప్పుడు నాలుక మీద మిరియపు ఘాటు వంటి చురుకు తగిలితే వెంటనే ఆపివేయాలి.

రంగును కూడా గుడ్డిగా నమ్మరాదు. ట్యూనా ఎరుపు మయోగ్లోబిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. కాలం గడిచిన కొద్దీ ఆక్సీకరణం వల్ల అది గోధుమ రంగుకు మారుతుంది. ఇంటి ఫ్రీజర్ చలిలోనూ ఈ మార్పు ఆగదు. అందుకే ఉత్తమ శ్రేణి ట్యూనాను మైనస్ 60 డిగ్రీల చలిలో నిలువచేస్తారు. కొందరు వ్యాపారులు చేపకు కార్బన్ మోనాక్సైడ్ లేదా శుద్ధి చేసిన పొగ పట్టిస్తారు. అప్పుడు వర్ణకం స్థిరపడి, చేప పాతబడినా పుచ్చకాయ ఎరుపుతో మెరుస్తూనే ఉంటుంది. ఐరోపా సమాఖ్యలోను, జపానులోను నిషిద్ధమైన ఈ పద్ధతికి అమెరికాలో అనుమతి ఉంది. కనుక ప్యాకెట్టు మీది చిన్న అక్షరాలను చదవడం అవసరం.

అన్నం సంగతి

చేపను గూర్చి ఇంత ఆలోచించేవారు కూడా అన్నాన్ని గూర్చి ఆలోచించరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉండవచ్చు. అవి ఉడికినా చావవు. అన్నాన్ని గది వేడిమిలో గంటల తరబడి వదిలివేస్తే ఆ బీజాలు మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారు చేస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం నశించదు.

జపాను వారు సుషీ అన్నంలో సిర్కా కలపడానికీ, మనం ప్రయాణాలకు పులిహోర కట్టుకోవడానికీ మూలసూత్రం ఒకటే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం గాని, సిర్కాలోని ఎసిటిక్ ఆమ్లం గాని అన్నపు ఆమ్లత్వాన్ని పెంచి సూక్ష్మజీవుల ఎదుగుదలను అడ్డుకుంటాయి. సుషీ చేసే భోజనశాలలు సాధారణంగా అన్నపు పీహెచ్‌ను 4.6 లేదా అంతకన్న తక్కువగా ఉంచుతాయి. ఇంట్లో దానిని కొలవలేము గనుక, అన్నం వండిన రెండు గంటలలోగా తినివేయాలి లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి.

పోకేకు సోనామసూరి కంటే పొట్టి గింజ బియ్యం అనుకూలం. పొడుగు గింజలలో అమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువ. అందువల్ల మెతుకు విడివిడిగా ఉంటుంది. పొట్టి గింజలలో అమైలోపెక్టిన్ పాలు ఎక్కువ కనుక మెతుకులు అంటుకొని, చేప ముక్కతో కలిసి నోటికి వస్తాయి.

తయారుచేసే విధానం

నలుగురికి 450 గ్రాముల ట్యూనా చాలు. ముందుగానే గడ్డకట్టించిన చేపను కొని, వాడే ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చాలి. గాలి తీసివేసిన ప్యాకెట్టు అయితే, కరిగించడానికి ముందే దానిని చీల్చడం మరువరాదు. గాలి లేని చోట, చల్లదనంలో కూడా పెరగగల బొటులినమ్ అనే ప్రమాదకరమైన బాక్టీరియాకు అవకాశం ఇవ్వకుండా ఉండటానికే ఈ జాగ్రత్త. ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్, అంటే 40 డిగ్రీల ఫారెన్‌హీట్, దాటకుండా చూసుకోవాలి.

రెండు కప్పుల పొట్టి గింజ బియ్యాన్ని కడిగి వండాలి. నాలుగు పెద్ద చెంచాల బియ్యపు సిర్కాలో రెండు పెద్ద చెంచాల పంచదార, ఒక చిన్న చెంచా ఉప్పు కరిగించి వేడి అన్నంలో కలపాలి. పులిహోరకు ఆరబోసినట్లే వెడల్పాటి పళ్ళెంలో పరచాలి. అన్నం పూర్తిగా ఆరిన తరువాతనే దాని మీద చేప పెట్టాలి. వేడి అన్నం చేప చల్లదనాన్ని హరిస్తుంది.

చేతులు, కత్తి, కోత పలక సబ్బుతో కడగాలి. పచ్చి కోడిమాంసం కోసిన పలకను ఇందుకు వాడరాదు. కండ పోగులకు అడ్డంగా, ముప్పావు అంగుళం ముక్కలుగా చేపను కోయాలి. పోగులు పొట్టిగా తెగితే ముక్క నోటిలో సులువుగా విడిపోతుంది. దానిలో సన్నగా తరిగిన తీపి ఉల్లి, ఉల్లికాడలు, ఒక పెద్ద చెంచా వేయించిన నువ్వులు, చిటికెడు మిరపగింజల పొడి, దొరికితే నానబెట్టిన సముద్రపు నాచు కలపాలి. కుకుయి గింజలకు బదులు వేయించి దంచిన మకడేమియా పప్పు గాని, మన జీడిపప్పు గాని సరిపోతుంది. రెండు పెద్ద చెంచాల సోయా సాస్, రెండు చిన్న చెంచాల నువ్వుల నూనె చివరకు, వడ్డించే ముందు మాత్రమే చేర్చాలి. ముందే కలిపితే ఉప్పు కండలోని నీటిని బయటకు లాగి ముక్కను గట్టిపరుస్తుంది. ఇక్కడ చెప్పిన నూనె, వేయించిన నువ్వుల నుండి తీసిన ముదురురంగు ఆసియా నూనె. మన పప్పునూనెకు ఆ పరిమళం ఉండదు.

కలిపిన పోకేను మంచు ముక్కల పళ్ళెం మీద గిన్నె ఉంచి వడ్డించడం మంచిది. బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచరాదు. ఎండాకాలం ఆరుబయట విందులలో, ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే, గంటకు మించరాదు. మిగిలిన దానిని రేపటికి దాచుకోవద్దు. పులుసు మరునాటికి రుచి ఎక్కుతుంది, పోకే ఎక్కదు.

ఎవరు తినరాదు

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పచ్చి చేపలో కొంత అపాయం మిగిలే ఉంటుంది. ఆరోగ్యవంతుడైన యువకుడు తట్టుకోగల దానిని అందరూ తట్టుకోలేరు. గర్భవతులు, ఐదేళ్ళలోపు పిల్లలు, వృద్ధులు, కాలేయవ్యాధి ఉన్నవారు, కాన్సర్ చికిత్స పొందుతున్నవారు, వ్యాధినిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు పచ్చి చేప తినరాదు. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరిగి గర్భస్థ శిశువుకు హాని చేయగలదు. దీనికి తోడు పెద్దకన్ను ట్యూనాలో పాదరసం ఎక్కువ. గర్భవతులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు దానిని వండి కూడా తినరాదని అమెరికా ప్రభుత్వ సంస్థలు హెచ్చరిస్తున్నాయి. వంట వల్ల పాదరసం పోదు. కానుపు కోసం వచ్చిన అమ్మాయి, మనుమలను చూడవచ్చిన అమ్మమ్మ, నడక నేర్చిన పసివాడు ఒకే బల్ల ముందు కూర్చునే మన ఇళ్ళలో ఈ జాబితా దాదాపు సగం పంక్తికి వర్తిస్తుంది.

అలాగని వారిని పంక్తి నుండి లేపనక్కరలేదు. హవాయిలోనే ఉడికించిన ఆక్టోపస్‌తో, టోఫూతో పోకే చేస్తారు. ఉడికించిన రొయ్యలు కూడా ఈ రుచులకు చక్కగా అమరుతాయి. శాకాహారులకు గట్టి టోఫూ, దోసకాయ, ఆవకాడో ముక్కలతో అదే పాకంలో చేసి పెట్టవచ్చు. చేప కత్తి వాటికి తగలకుండా, వీటిని ముందుగా కోసి విడిగా ఉంచితే సరిపోతుంది.

చివరగా, చేపల అంగడిలో అడగవలసిన ప్రశ్నలు మూడే. ఇది ఏ జాతి చేప? దీనిని గడ్డకట్టించారా, ఏ చలిలో ఎన్నాళ్ళు ఉంచారు? ఎప్పుడు కరిగించారు? ఈ మూడింటికీ తడుముకోకుండా సమాధానం చెప్పే వ్యాపారి దగ్గర కొనండి. చెప్పలేకపోతే ఆ చేపనే తీసుకువచ్చి, చింతపండు నానబెట్టి, నిశ్చింతగా పులుసు పెట్టుకోండి. ఆ పూటకు అమ్మమ్మ మాటే నెగ్గుతుంది.